రెండో పీట

వేదుల రాధాకృష్ణమూర్తి గారు సంతోష్‌నగర్‌కు ఒక కప్పు చాయ్ తాగడానికి వచ్చి అక్కడే ఉండిపోయారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. బాధ్యత పూర్తిగా ప్రభుత్వానిది.

1990 డిసెంబరు నాటి సంగతి. మూర్తిగారు అప్పట్లో లెక్కల తనిఖీ శాఖలో అధికారి. సొంత ఊరు రాజమండ్రి, కాపురం చాంద్రాయణగుట్టలో ఒంటరి గది. రోజూ పొద్దున ఆయన ఎక్కిన బస్సులోనే కంచన్‌బాగ్ దగ్గర మొగులయ్య ఎక్కేవాడు. ఫ్యాక్టరీలో లేతు మిషను మీద రాత్రి డ్యూటీ చేసి సంతోష్‌నగర్‌లో ఇంటికి పోయేవాడు. రెండేళ్ళుగా ఒకే సీటులో పక్కపక్కన కూర్చుంటున్నా ఎండ గురించీ వాన గురించీ తప్ప మాట్లాడుకున్నది లేదు. ఎండావానల మీద అంత శ్రద్ధ వాతావరణ శాఖవారికి కూడా ఉండి ఉండదు. ఆ వేళ బస్సు సంతోష్‌నగర్‌లో ఆగిపోయింది. పాతబస్తీలో గొడవలు, కర్ఫ్యూ పెట్టారు, బండి ముందుకూ పోదు, వెనక్కీ పోదు అన్నాడు కండక్టరు. మూర్తిగారు ఆఫీసులో పంచడానికి కొన్న బార్కస్ జామపళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని, తీర్పు కోసం ఎదురుచూస్తున్న కక్షిదారులా కూర్చున్నారు.

"సారూ, ఇల్లు ఈడనే. చాయ్ తాగి పోదువు రా," అన్నాడు మొగులయ్య.

చాయ్ తాగారు. కర్ఫ్యూ రోజుల తరబడి సాగింది. మొదటిసారి సడలించినప్పుడు మూర్తిగారు గదికి వెళ్ళి బట్టలు తెచ్చుకున్నారు. రెండోసారి ఇత్తడి కాఫీ ఫిల్టరు తెచ్చుకున్నారు. మూడోసారి గది తాళంచెవి యజమాని చేతిలో పెట్టి వచ్చేశారు. ఆ తర్వాత కర్ఫ్యూ ఎత్తేశారని రేడియోలో చెప్పారు గానీ, తనకు మాత్రం అలాంటి ఉత్తర్వేదీ అందలేదని మూర్తిగారి వాదన. ఊళ్ళో చాలా ఇళ్ళు ఏడ్చిన రోజులవి. ఆ రోజుల్లోనే తనకో ఇల్లు దొరికిందని చెప్పుకోవడానికి ఆయనకు ఎప్పుడూ కొంచెం బిడియమే.

తన మనసు మగవాళ్ళ వైపే మొగ్గుతుందని మూర్తిగారికి కాలేజీ రోజులనాడే తెలుసు. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాకుండా చూసుకున్నారు. ఇంట్లోవాళ్ళు తెచ్చిన ప్రతి సంబంధాన్నీ ఆయన తనిఖీ చేశారు. ప్రతి జాతకంలోనూ ఏదో ఒక లోపం పట్టుకున్నారు. నలభై ఏళ్ళు దాటేసరికి గోదావరి జిల్లాల్లో సక్రమమైన జాతకం ఉన్న ఆడపిల్ల లేదని సాక్ష్యాధారాలతో తేల్చేశారు. మొగులయ్య దారి వేరు. ఇరవై రెండేళ్ళప్పుడు పెళ్ళి కుదిరితే, ముహూర్తానికి ముందురోజు ఆ పిల్ల ఇంటికే పోయి, నేను నీకు మొగుడిగా పనికిరాను, నా మనసు అటువంటిది కాదు, నీ బతుకు ఖరాబు చెయ్యను అని చెప్పి వచ్చాడు. అందుకు పిల్ల అన్న ఇచ్చిన రసీదు అతని ఊడిన ముందుపన్ను. ఆ సందు ఇప్పటికీ అలాగే ఉంది. నవ్వినప్పుడల్లా కనిపిస్తుంది. పన్ను కట్టించుకోమని మూర్తిగారు ఎన్నోసార్లు చెప్పారు. నిజం చెప్పినందుకు పోయిన పన్నుకు బదులు అబద్ధం పన్ను ఎందుకన్నది మొగులయ్య ప్రశ్న.

ఇద్దరూ కలిసి ఉండడం సులభంగా జరగలేదు. మొదటి ఇంటి యజమాని కొన్నాళ్ళు చూసి, ఫ్యామిలీలు ఉండే చోటని గొణిగి ఖాళీ చేయించాడు. రెండో ఆయన గొణగడం కూడా లేకుండా సామాను మెట్ల మీద పెట్టించాడు. చట్టంలో ఇలాంటివాళ్ళ కోసం ఒక సెక్షన్ ఉండేది. మూర్తిగారికి దాని నంబరు కంఠతా వచ్చు. దాని పేరు చెప్పి ఎవరు ఎప్పుడు తలుపు తడతారో తెలియదు. అందుకని ఆయన సుదీర్ఘంగా ఆలోచించి ఒక విధానం ఖరారు చేశారు. బయటివాళ్ళ ముందు మొగులయ్య "మిత్రుడు." అంతే. అంతకుమించి ఒక్క అక్షరం ఉండకూడదు.

మూడో ఇల్లు సుందరమ్మది. ఆవిడ సర్కారు దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైంది. భర్త పోయాడు, కొడుకు డానియేలు కరెంటు పనులు చేస్తాడు. పై పోర్షను అద్దెకిచ్చే ముందు ఆవిడ ఇద్దరినీ వరండాలో నిలబెట్టి విచారణ జరిపింది.

"వంట ఎవలు చేస్తరు?"

"నేనే అమ్మా," అన్నాడు మొగులయ్య.

"మరి గిన్నెలు?"

"నేను తోముతానండి," అన్నారు మూర్తిగారు.

సుందరమ్మ ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. "మా ఆయన ముప్పై ఏండ్లు కాపురం చేసి ఒక్క గిన్నె తోమలే. ఉండుండ్రి," అని తాళంచెవి ఇచ్చింది.

రిటైరయ్యాక మూర్తిగారు ఊరికే కూర్చోలేదు. తనలాంటి ముసలివాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారని మెల్లమెల్లగా తెలిసింది. బార్కస్‌లో అత్తరు కొట్టు నడిపి మానేసిన అవద్ చావుష్ ఒకరు, బస్సు కండక్టరుగా చేసిన అంజన్న ఒకడు. ఆదివారం సాయంత్రం అందరికీ సుందరమ్మ పై పోర్షనులో చాయ్. చావుష్ బార్కస్ నుంచి గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించిన హరీస్ గిన్నెడు తెచ్చేవాడు. మూర్తిగారు శాకాహారి కనుక ఆ గిన్నెను గౌరవంగా దూరం నుంచి చూసేవారు. వీళ్ళలో చాలామందికి ఇంట్లో రెండో మనిషి లేడు. అందుకని మూర్తిగారు ఒక ఏర్పాటు చేశారు. పొద్దున లేవగానే ఆయన చావుష్‌కు ఫోన్ చేయాలి, చావుష్ అంజన్నకు చేయాలి, అంజన్న తిరిగి మూర్తిగారికి చేయాలి. "లేచారా?" "లేచిన." అంతే సంభాషణ. ఒక ఉదయం అంజన్న నుంచి ఫోన్ రాలేదు. మొగులయ్య చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కి వెళ్ళి, తలుపు పగలగొట్టి, స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగిన మనిషిని దవాఖానాకు చేర్చాడు. అంజన్న ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాడు. ఈ ఫోన్ల గొలుసు తన ఉద్యోగజీవితంలో చేసిన అన్ని తనిఖీలకన్నా గొప్పదని మూర్తిగారి నమ్మకం, అందులో అతిశయోక్తి లేదు.

కాలనీలో వయోవృద్ధుల సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. పొద్దున నడక, నెలకోసారి బీపీ పరీక్ష, పండగలకు పులిహోర, అన్నీ ఆయన చేతుల మీదే. ఆ కుర్చీ అంటే మూర్తిగారికి ప్రాణం. రెండు ఇళ్ళ నుంచి సామాను బయటపెట్టించుకున్న మనిషికి, "అధ్యక్షులవారూ, ఇలా కూర్చోండి" అనే మాట ఎంత తీపో వేరే చెప్పాలా?

2004 చివర ఆయనకు డెబ్బై ఏళ్ళు నిండబోతున్నాయని సంఘానికి తెలిసింది. డెబ్బై నిండితే భీమరథశాంతి చేస్తారు. భార్యాభర్తలను పీటల మీద కూర్చోబెట్టి, కలశాల్లోని నీళ్ళు జల్లెడలోంచి ఇద్దరి తలల మీదా పోసి, ఊరంతా భోంచేసి దీవిస్తారు. సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పురోహితుడు ఫణికుమార్ శర్మ కుర్రవాడు, ఉత్సాహవంతుడు. అన్నీ మాట్లాడాక చిన్న చిక్కు ఒకటి బయటపడింది. రెండో పీట మీద ఎవరు?

దానికీ శాస్త్రంలో మార్గముంది అన్నాడు శర్మ. భార్య లేనివారికి దర్భలతో చిన్న కట్ట కట్టి, దాన్ని ఆ స్థానంలో ఉంచుతారట. సంఘం ఉపాధ్యక్షుడు రఘురామ్ వెంటనే బలపరిచాడు. బలపరుస్తూనే మూర్తిగారిని పక్కకు పిలిచి, చాలా మర్యాదగా, ఆ రోజు మీ మిత్రుణ్ణి వంటల దగ్గర చూసుకోమంటే బాగుంటుంది, ఫ్యామిలీలు వస్తారు, నలుగురూ నాలుగు మాటలు అనుకోవడం మీ హోదాకు మంచిది కాదు అన్నాడు. "ఫ్యామిలీలు" అన్న మాట మూర్తిగారు ఇంతకుముందు మెట్ల మీద సామానుతోపాటు విన్నారు. సరే అన్నారు.

ఆ సాయంత్రం మొగులయ్య పచ్చిపులుసుకు ఉల్లిపాయలు తరుగుతుంటే సంగతి చెప్పారు. మొగులయ్య కత్తి ఆపలేదు.

"అంటే గడ్డిని కూసోవెడ్తరు గని నన్ను కూసోవెట్టరు."

"అది గడ్డి కాదు మొగులయ్యా, దర్భ."

"బర్రె ముందల వేస్తే తింటదా, తినదా?"

మూర్తిగారు తుడిచిన కంచాలనే మళ్ళీ తుడిచారు.

"మంచిది," అన్నాడు మొగులయ్య. "నేను వంట కాడుంట. నీ ఫికర్ నాకెందుకు, నీ పక్కన గడ్డి ఉంది గద."

పద్నాలుగేళ్ళలో అతను ఏదీ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. ఉల్లిపాయలు మాత్రం ఇద్దరికి సరిపోయేదానికన్నా చాలా ఎక్కువ తరిగాడు. మూర్తిగారు ఆ రాత్రి పచ్చిపులుసు కళ్ళనీళ్ళతో తిన్నారు. కారణం ఉల్లిపాయలేనని అధికారికంగా ప్రకటించారు.

ఆ రోజు వచ్చింది. కాలనీ హాల్లో షామియానా, సన్నాయి, ఎముకలు కొరికే చలి. మూర్తిగారు పట్టు పంచె కట్టుకుని మొదటి పీట మీద కూర్చున్నారు. రెండో పీట మీద దర్భకట్ట, దాని మీద ఒక పసుపుబొట్టు. వరసగా ఇత్తడి కలశాలు, వాటి మీద మావిడాకులు, కొబ్బరికాయలు. సుందరమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీరలో ముందువరసలోనే కూర్చుంది. అంజన్న కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, చావుష్ కొత్త టోపీ పెట్టుకుని, వెనక వరసలో కూర్చున్నారు. హాలు వెనక పొయ్యిల దగ్గరనుంచి గరిటె చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడును బట్టి మొగులయ్య ఏ మూడ్‌లో ఉన్నాడో మూర్తిగారు చెప్పగలరు. ఆ రోజు చెప్పకపోవడమే మేలు.

మంత్రాలు జరిగాయి. సన్నాయివాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు శర్మ నీళ్ళు పోయించడానికి లేచి, మొదటి కలశం మీది కొబ్బరికాయ తీశాడు. లోపలినుంచి ఆవిరి లేచింది. రెండోదీ అంతే. ఆడవాళ్ళు ఇద్దరుముగ్గురు చేతులు జోడించారు. ఒకావిడ లెంపలు వేసుకుంది. శర్మ కలశంలో వేలు ముంచి చటుక్కున తీశాడు.

"నీళ్ళు కాగి ఉన్నాయి. ఎవరు ముట్టుకున్నారు ఈ కలశాల్ని?"

వెనకనుంచి మొగులయ్య వచ్చాడు. భుజం మీద తువాలు, చేతిలో గరిటె, మొహాన శనగపిండి.

"నేనే. మీరందరు టిఫిన్‌కు పోయినప్పుడు వేడినీళ్ళు కలిపిన. సారుకు దమ్ము బీమారి ఉంది. గింత చలిల సల్లనీళ్ళు నెత్తిన వోస్తే రేపు ఎవలు చూస్తరు? ఆ గడ్డి చూస్తదా?"

ఎవరో నవ్వారు. రఘురామ్ మాత్రం లేచి నిలబడ్డాడు. శర్మ కుర్రవాడైనా నిష్ఠ గలవాడు. పాపం అతనికి నిజంగానే చెమటలు పట్టాయి. పూజించిన కలశాల్ని కర్తా, కర్త ధర్మపత్నీ తప్ప మూడోవాళ్ళు ముట్టుకోకూడదని, ముట్టుకుంటే దోషమని, మొత్తం మళ్ళీ మొదటినుంచి చేయాలని చెప్పాడు. మొగులయ్య గరిటె కిందికి దించాడు. ముందుపన్ను సందు కనిపించకుండా పెదాలు బిగించాడు. అతను తప్పు చేసినవాడిలా నిలబడడం మూర్తిగారు ఎన్నడూ చూడలేదు.

మూర్తిగారు పక్క పీట వంక చూశారు. దర్భకట్ట చాలా బుద్ధిగా కూర్చుని ఉంది. దానికి ఆయన ఉబ్బసం సంగతి తెలియదు. కర్ఫ్యూలో చాయ్ పెట్టలేదు. చెప్పులు లేకుండా ఆటో ఎక్కలేదు. ఆయనకు సంఘం కుర్చీ గుర్తొచ్చింది, మెట్ల మీద సామాను గుర్తొచ్చింది, కంఠతా వచ్చిన సెక్షన్ నంబరు గుర్తొచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి మూడోసారి సామాను మోసుకోవడం ఎంత కష్టమో కూడా లెక్క వేశారు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు.

"అయితే దోషం లేదు," అన్నారు.

"అదేమిటండీ?" అన్నాడు శర్మ.

"ముట్టుకోవలసిన మనిషే ముట్టుకున్నాడు."

శర్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. హాలుకు అంత సేపు పట్టలేదు.

"ఆ దర్భకట్ట తీసెయ్యండి నాయనా. ఆ పీట మీద పద్నాలుగేళ్ళుగా మనిషి ఉన్నాడు. నేనే చోటు చూపించలేదు. మొగులయ్యా, గరిటె అక్కడ పెట్టి రా."

"బూందీ మాడిపోతది సారూ," అన్నాడు మొగులయ్య.

"మాడనీ."

రఘురామ్ ఇక ఊరుకోలేదు. ఇది శాస్త్రం ఒప్పదన్నాడు, సంఘం ఒప్పదన్నాడు, ఒకటి మగవాడు, రెండు కులం కానివాడు అని రెండు అభ్యంతరాలు ఒకే ఊపిరిలో లేవదీశాడు. మూర్తిగారికి ఒక్కసారిగా పాత ఆఫీసు పూనింది. అభ్యంతరాలంటే ఆయనకు పుట్టిల్లు. జీవితమంతా వాటినే రాశారు.

"రెండు అభ్యంతరాలూ వినడమైనది," అన్నారు గంభీరంగా. "వాటిని గుర్తుంచుకుంటూ కార్యక్రమం కొనసాగించడమైనది. శర్మగారూ, కానివ్వండి."

రఘురామ్ తన భార్య అమ్మాజీని లెమ్మన్నాడు. ఆవిడ లేవలేదు. "మీరు పదండి. మూర్తిగారి ఫోన్ల గొలుసు లేకపోతే ఆ అంజన్న ఏమయ్యేవాడు? నేను నీళ్ళు పోసి, భోంచేసి వస్తాను," అంది. ఆయన వెళ్ళిపోయాడు. ఆయనతోపాటు ఇంకొన్ని కుటుంబాలు లేచాయి. కుర్చీలు జరిపిన చప్పుడు మూర్తిగారి గుండెల్లో కొంచెంసేపు మోగింది. మిగిలినవాళ్ళు మాత్రం కూర్చున్నచోటే కూర్చున్నారు, కొందరు ప్రేమతో, కొందరు బూందీ వాసనతో.

మొగులయ్య మొహం కడుక్కుని వచ్చి రెండో పీట మీద కూర్చున్నాడు. ఏం చేయాలో తెలియక చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, ఫోటోకు కూర్చున్న బడిపిల్లవాడిలా. శర్మ కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి సంకల్పం మళ్ళీ చెప్పాడు. "ధర్మపత్నీ సమేతస్య" అనే చోటు వచ్చేసరికి మొదటి మాట మింగేసి, "సమేతస్య" అని మాత్రం గట్టిగా అన్నాడు. వయసులో చిన్నవాడైనా ఆ క్షణంలో అతను మహాపండితుడని మూర్తిగారికి అనిపించింది.

ఇద్దరి తలల మీదా జల్లెడ పట్టారు. అమ్మాజీ మొదటి కలశం పోసింది. సుందరమ్మ లేచి, "పంతులూ, నేను పోయొచ్చునా? మాది ఏసు మతం," అని అడిగింది. శర్మ జవాబు వెతుక్కునేలోపల కలశం ఖాళీ చేసేసింది. చావుష్ టోపీ సవరించుకుని ఒకటి పోశాడు. అంజన్న ఒక చేత్తో కర్ర పట్టుకుని ఇంకో చేత్తో పోయబోతే సగం నీళ్ళు శర్మ మీద పడ్డాయి. నీళ్ళు గోరువెచ్చగా, సరిగ్గా మూర్తిగారు రోజూ స్నానం చేసే వేడిలో ఉన్నాయి. ఆయన తడిసిన కండువా కొసతో మొదట మొగులయ్య మొహం తుడిచారు, తర్వాత తనది. అంతమందిలో ఆ పని చేయడం ఆయనకు అదే మొదటిసారి. ఆ సంగతి చాలాకాలం తర్వాత కూడా గర్వంగా చెప్పుకునేవారు.

బూందీ కొంచెం మాడింది. ఎవరూ పేచీ పెట్టలేదు.

ఆ తర్వాత అంతా సుఖంగా జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. కొన్ని ఇళ్ళవాళ్ళు పలకరించడం మానేశారు. పొద్దున నడకలో కొందరు అవతలి పక్కకు మారారు. మూర్తిగారిని అధ్యక్ష పదవి నుంచి దించడానికి రఘురామ్ సమావేశం పిలిచాడు. నిబంధన ప్రకారం రావలసినంతమంది రాలేదని సభలో గుర్తుచేసింది అధ్యక్షులవారే. ఆ నిబంధన తెలిసినవారు కాలనీలో ఇంకెవరూ లేనందున సమావేశం చెల్లలేదు, కుర్చీ కదల్లేదు. ఇల్లు ఖాళీ చేయించమని సుందరమ్మకు కూడా ఎవరో చెప్పి చూశారు. గిన్నెలు తోమే మగవాణ్ణి పంపించేసేంత పిచ్చి తనకు లేదని ఆవిడ మెట్ల మీద నిలబడి వీధి మొత్తానికి వినిపించేలా జవాబు చెప్పింది.

కొన్ని ఆదివారాల తర్వాత, నడకలో అందరికన్నా వెనక ఒంటరిగా నడిచే సోమయ్య మేస్టారు పై పోర్షను మెట్ల దగ్గర చాలాసేపు తచ్చాడారు. భార్య పోయి ఎన్నో ఏళ్ళయింది, ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి. చివరికి పైకి వచ్చి, ఇక్కడ చాయ్ బాగుంటుందని విన్నాను అన్నారు. మొగులయ్య ఏమీ అడగకుండా ఇంకో కప్పు కడిగాడు. మర్నాటి పొద్దున నుంచి ఫోన్ల గొలుసులో అంజన్న సోమయ్య మేస్టారుకు చేయడం, ఆయన మూర్తిగారికి చేయడం మొదలైంది. "లేచారాండీ?" "లేచాను." ఆ "అండీ" అలవాటు లేక మొగులయ్య చాలారోజులు నవ్వాడు.

దర్భకట్ట ఏమైందని అడగవచ్చు. దాన్ని మొగులయ్యే ఇంటికి తెచ్చాడు. పసుపుబొట్టుతో సహా వంటింట్లో తలుపు వెనక మేకుకు తగిలించాడు.

2009 జులైలో ఒక పొద్దున, ఆ సెక్షన్ ఇలాంటివాళ్ళకు ఇక వర్తించదని ఢిల్లీ హైకోర్టు చెప్పినట్టు పేపర్లో వచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ మూర్తిగారు పొయ్యి మీద పాలు చూస్తానని మాటిచ్చి, పేపరు పట్టుకుని నిలబడే మొత్తం చదివారు. తర్వాత చావుష్‌కు ఫోన్ చేసి "లేచారా?" అని అడగడం మరచిపోయి, తీర్పంతా చదివి వినిపించారు. ఈలోగా పాలు పొంగి, అడుగంటి, ఇల్లంతా మాడువాసన. మొగులయ్య పరుగున వచ్చి గిన్నె దించాడు. మూర్తిగారు వార్త చెప్పారు. మొగులయ్య విన్నాడు. తల ఊపాడు. పన్ను సందు కనిపించేలా నవ్వాడు కూడా. తర్వాత మాడిన గిన్నెను ఆయన చేతిలో పెట్టాడు.

"మంచిగనే ఉంది సారూ. గని పాల సంగతి కోర్టు ఏం చెప్పనట్టుంది. తోము. నాతోని కాదంటే, తలుపు ఎనక నీ గడ్డి పెండ్లాం ఉంది గద, దాన్ని పిలుసుకో."

మూర్తిగారు చొక్కా చేతులు మడిచి, గిన్నె తోమడానికి కూర్చున్నారు.